ఖాళీ జాగాకు అంత ఖర్చా?

వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలంనాటి, అంటే 1930లో కట్టిన విమానాశ్రయం ఉంది. ప్రయాణికుల విమానం మొహం చూసి దశాబ్దాలైంది. ఇప్పుడు రన్‌వేను 2.8 కిలోమీటర్లకు పెంచాలని, అందుకు మరో 253 ఎకరాలు కావాలని లెక్క తేల్చారు. సంతోషం. టెర్మినల్ ముందు కాకతీయ తోరణం పెడితే ఫొటో దిగేవాళ్లలో మొదటివాణ్ని నేనే. నా అభ్యంతరమల్లా రన్‌వే అయిపోయాక వచ్చే ఖాళీ జాగా గురించి.

దాని పేరు రీసా, అంటే రన్‌వే ఎండ్ సేఫ్టీ ఏరియా. రన్‌వే చివర 60 మీటర్ల స్ట్రిప్ వదిలి, ఆ తర్వాత కనీసం 90 మీటర్లు, కుదిరితే 240 మీటర్లు, రన్‌వేకు రెట్టింపు వెడల్పున చదును చేసి అలా వదిలేయాలట. రెండు చివర్లా! విమానం ఆగకుండా ముందుకు పోతే దానికి చోటుండాలట. శుభమా అని విమానాశ్రయం కట్టుకుంటూ ఇదేం మాట?

మా బాబాయి అక్కడికి దగ్గర్లోనే వెంచర్ వేశాడు. బ్రోచర్ మీద విమానం బొమ్మ ఎంత పెద్దదంటే, రెక్క నీడ నాలుగు ప్లాట్ల మీద పడుతుంది. రీసా సంగతి చెప్పగానే సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు. "240 పొడవు ఇంటూ 90 వెడల్పు... ఒక్క చివరే 25,800 గజాలురా! రోడ్లు, పార్కు పోను ఎనభై ప్లాట్లు. గడ్డి పెంచడానికా?"

న్యాయమైన ప్రశ్నే. రీసాకు శంకుస్థాపన చేసిన మంత్రిని మీరెప్పుడైనా చూశారా? రిబ్బన్ కట్టడానికి రెండు గుంజలు పాతుదామన్నా రూలు ఒప్పుకోదు. అక్కడ తప్పనిసరై నిలబెట్టేది ఏదైనా విమానం తగలగానే విరిగిపోవాలి. విరిగిపోయేలా కట్టమని రూలే అడుగుతుంటే, మన కాంట్రాక్టర్లకు ఇంతకన్నా చేతనైన పని ఏముంటుంది? కానీ మంగళూరులో 2010 మే 22న రన్‌వే దాటిన విమానం రెక్క తగిలింది లోకలైజర్ యాంటెన్నా (విమానం రన్‌వేకు సూటిగా దిగేలా దారి చూపేది) కింది కాంక్రీటు కట్టడానికి. అది మాత్రం గట్టిగా కట్టారు. విమానం లోయలో పడింది. 158 మంది పోయారు.

కోజికోడ్‌లో 2020 ఆగస్టు 7న, వానలో దిగిన విమానం అంచు దాటి పడిపోతే 21 మంది. ఆ తర్వాత అక్కడ రన్‌వే కుదించి రీసా పెంచుదామన్న ప్రతిపాదన 2022లో వచ్చింది, వచ్చినంత వేగంగా వెనక్కి వెళ్లింది. హద్దు దాటకుండా ఆగింది ఆ ఫైలొక్కటే.

ఇక టాక్సీవే, అంటే పార్కింగ్‌కూ రన్‌వేకూ మధ్య విమానం నడిచే దారి. రన్‌వే ఎక్కే ముందు పసుపు గీతలుంటాయి. టవర్ సరేనంటే తప్ప వాటిని దాటకూడదు. హన్మకొండ చౌరస్తాలో ముందు చక్రం జీబ్రా గీతల అవతల పెట్టి సిగ్నల్ కోసం ఎదురుచూసే మనకు ఈ నియమం అర్థం కావడం కష్టం. గన్నవరంలో అయితే 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం క్షేమంగా దిగి, పార్కింగ్‌కు వెళ్తూ లైటు స్తంభాన్ని రెక్కతో కొట్టింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. అరేబియా సముద్రమంతా దాటి వచ్చినదానికి ఆఖరి గజాల్లో స్తంభం ఎదురైంది.

బాబాయి మొన్న రాజీకొచ్చాడు. "కనీసం 90 చాలంటున్నారు గదరా. ఆ 90 విమానానికి, మిగతా 150 మనకు."

బ్రోచర్ రెండో విడత ప్రింటుకు వెళ్లింది. 'రీసా ఫేసింగ్' ప్లాట్లకు గజానికి వంద ఎక్కువ. ముందు ఎప్పటికీ బిల్డింగ్ రాదట, గాలీ వెలుతురూ గ్యారంటీ.