మందు మానిన మనిషికి వేళకు అన్నం కూడా వైద్యమే

"తాగుడు మానేశాడు కదా, ఇంకా ఈ సుకుమారం ఎందుకు?" మా అన్న గురించి బంధువులు ఈ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. మతి తప్పి మాట్లాడేవారూ ఉన్నారు. ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. ఒంట్లో బి1 విటమిన్ తగ్గి ఉంటుంది కనుక ఇంజెక్షన్లు కూడా ఇస్తారు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు, సెలైన్ సీసా కళ్లకు కనిపిస్తుంది కాబట్టి. ఇంటికి వచ్చాక వేళకు తినడం, వేళకు పడుకోవడం మాత్రం వాళ్ల లెక్కలో సోకు.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగింటినీ కనిపెట్టుకుని ఉండమని కౌన్సెలర్లు చెబుతారు. మా అన్నకు గండం సాయంత్రం పూట. దుకాణం షట్టర్ దించి కొండారెడ్డి బురుజు వైపు మిత్రులతో వెళ్లే వేళ అది. ఇప్పుడు ఆ వేళకు వదిన జొన్నరొట్టె కాలుస్తుంది. పొంగిన రొట్టె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి వస్తుంది, పక్కన వేరుశనగల పొడి, గ్లాసెడు మజ్జిగ. రెండో రొట్టె సగానికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద ముడి విడిపోతుంది. కోరిక పూర్తిగా పోతుందని కాదు, ఆ గంట గడుస్తుంది.

మొన్న ఊళ్లో దేవరకు, అంటే గ్రామదేవత జాతరకు, ఆయన వెళ్లలేదు. పొట్టేలు, మందు, తెల్లవార్లూ జాగరణ ఉన్నచోటికి ఎలా వెళతాడు? "దేవతకే ఎదురు తిరిగాడా?" అని పెద్దనాన్న కేకలేశారు. పెద్దనాన్నా, మీరంటే నాకు గౌరవమే. కానీ "ఒక్క గుటకకు ఏమవుతుంది" అని గ్లాసు చేతిలో పెట్టేది కూడా మన పెద్దలే.

1995లో మద్యనిషేధం వచ్చిన రాష్ట్రం మనది. 1997కల్లా సడలించారు. వీధిలో దుకాణం మూతపడుతుందని ఎదురుచూస్తూ కూర్చోలేం, ఇంటి పద్ధతి మనమే మార్చుకోవాలి. వదినకూ విశ్రాంతి కావాలి. ఆమె కంటి కింద నలుపు ఎవరూ అడగరు. వ్యసనం గురించి 14446కు, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయవచ్చు.

ఈ నెలాఖరున మా ఇంట్లో నిశ్చితార్థం ఉంది. ఎనిమిదికల్లా భోజనాలు వడ్డిస్తాం, అన్న వేళకు పడుకోవాలి. కారు డిక్కీలో సీసాలు తెచ్చేవారిని గేటు దగ్గరే వెనక్కి పంపుతాను, మేనమామలైనా సరే.