నొక్కమనేదీ మీరే, నొక్కొద్దనేదీ మీరే!

ఉదయం ఒక ఎస్‌ఎంఎస్: 'బ్యాంకు పేరుతో వచ్చే లింకులు నొక్కకండి.' భోజనాల వేళకు అదే బ్యాంకు నుంచి ఈమెయిల్: 'మీకు పర్సనల్ లోన్ మంజూరైంది, ఇక్కడ నొక్కండి.' ఆ 'ఇక్కడ' మీద కాసేపు వేలు అదిమి పట్టి చూస్తే కనిపించింది బ్యాంకు చిరునామా కాదు. ఎవరిదో మార్కెటింగ్ ఏజెన్సీ డొమైన్ (అంటే ఇంటర్నెట్‌లో దాని పేరు), దాని వెనక బారెడు పొడవున అర్థంకాని అక్షరాలు, అంకెలు. పంపింది మోసగాడనుకుంటే పొరపాటు. అచ్చంగా బ్యాంకే పంపింది. మా డెస్కులో ఒకరి ఫోన్‌కు ఒకే రోజు వచ్చిన ఉత్తరాలివి.

కేవైసీ, కరెంటు బిల్లు, ట్రాఫిక్ చలానా పేర్లతో జరిగే మోసాల గురించి పాఠకులకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు చాలామందికి నోటికొచ్చేసింది. మా కోపం దొంగల మీద కాదు, దొంగ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చెరిపేస్తున్న దొరల మీద.

దొంగ ఉత్తరాలను వడకట్టే ఈమెయిల్ ఫిల్టర్ దగ్గర మంత్రదండం ఏమీ ఉండదు. అది గుర్తులు చూస్తుంది. ఉత్తరం పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ పేరు వాడుకునే అనుమతి ఉందా? పైకి కనిపించే పేరు, లోపలి చిరునామా ఒకటేనా? ఆ డొమైన్ నిన్నగాక మొన్న పుట్టిందా? నొక్కితే ఎన్ని చోట్ల దారి మళ్లుతుంది? ఇంగ్లిష్‌లో చిన్న 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి 'ఎమ్'లా భ్రమపెట్టే చిరునామా మన కన్నుకు చిక్కకపోయినా ఫిల్టర్‌కు చిక్కుతుంది. కానీ బ్యాంకు ఉత్తరంలోనే పరాయి డొమైన్, దారి మళ్లింపులు, పొట్టి లింకులు ఉంటే అదేం చేస్తుంది? బిగిస్తే అసలు స్టేట్‌మెంట్ స్పామ్‌లో పడుతుంది, వదిలితే దొంగ లింకు ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది.

తమ పేరుతో వచ్చే దొంగ ఉత్తరాలను ఆపే సాధనం సంస్థల చేతిలోనే ఉంది. దాని పేరు డీమార్క్, 2012 నుంచీ ఉన్నదే. నా పేరుతో వచ్చి, నిజంగా నాదేనా అన్న పరీక్ష తప్పిన ఉత్తరాన్ని తిప్పికొట్టండి, లేదా స్పామ్‌లో పడేయండి, లేదా ఏమీ చేయకండి అని డొమైన్ యజమాని ఈమెయిల్ సంస్థలకు చెప్పొచ్చు. ఆ మూడోది మొదట్లో గమనించడానికి పెట్టుకునేది. చాలా సంస్థలు అక్కడే కూర్చుండిపోయాయి. తాళం వేశాం, గొళ్లెం మరిచాం అన్నట్టుంది. జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి ఉత్తరాలు పంపేవారికి డీమార్క్ ఉండాల్సిందేనని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి షరతు పెట్టింది. ఆ షరతుకు కూడా 'ఏమీ చేయకండి' అన్న మాటే సరిపోతుంది!

నియంత్రణ సంస్థలు ఊరుకోలేదు. అనుమతి జాబితాలో లేని లింకులున్న ఎస్‌ఎంఎస్‌లను ఆపేయాలన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఆ పేర్లు కేటాయించే పని మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీదే. మంచి పనే. కానీ చిరునామా చివర ఆ తోక చూసి నమ్మమని జనానికి చెప్పి, తోక లేని లింకులే పంపుతుంటే ఎవరు దేన్ని నమ్మాలి?

లక్షల మందికి పంపాలంటే ఏజెన్సీలు తప్పవని, ఎవరు తెరిచారో తెలియాలంటే ట్రాకింగ్ లింకు కావాలని బ్యాంకులు అంటాయి. ఏజెన్సీని మీ డొమైన్ కిందే పంపమని అడగడానికి అడ్డేమిటి? మీ డొమైన్ కిందే ఒక ఉపపేరు (సబ్‌డొమైన్), నాలుగు సెట్టింగులు. అంతే.

డబ్బు పోయాక మాత్రం 'లింకు నొక్కారుగా, మీ నిర్లక్ష్యమే' అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఖాతాదారుడి తప్పు నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే చెప్పింది. ఏళ్ల తరబడి లింకులు నొక్కడం అలవాటు చేసింది ఎవరో కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. ఈ నెల హెచ్చరిక మెసేజ్ మాకొద్దు. దాన్ని మీ మార్కెటింగ్ విభాగానికి పంపుకోండి.