అరలీటరు సిద్ధాంతం

ఫార్ములా వన్ కారు రేసుల సీజన్ మొదలయ్యే ముందు, కొత్త కార్లను తిప్పి చూసే టెస్టింగ్ అని కొన్ని రోజులు జరుగుతుంది. ఆ రోజుల్లో ఎవరూ గెలవరు, ఎవరికీ పాయింట్లు రావు. అయినా ఆ ఏటి ఛాంపియన్ ఎవరో విశాఖ మద్దిలపాలెంలోని ఒక టూవీలర్ మెకానిక్ షెడ్డులో మొదటి రోజు సాయంత్రానికే తేలిపోతుంది. రెండో రోజు ఇంకొకరు తేలుతారు. మూడో రోజు మాటలుండవు.

2025లో టెస్టింగ్ బహ్రెయిన్‌లో, మూడు రోజులు. మొదటి రోజు ఫిబ్రవరి 26న పడింది. ఆ రోజే మహాశివరాత్రి. షెడ్డుకు సెలవు, ట్యూషన్లకు సెలవు, ఉపవాసం కాబట్టి భోజనానికి ఇంటికెళ్లే పనీ లేదు. జాగారం ఎలాగూ చేయాలి, ఆ చేసేదేదో బహ్రెయిన్ లెక్కన చేద్దామని నలుగురూ చేరారు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. సఖీర్ ట్రాకు మీద పొద్దున పదికి పచ్చలైటు వెలిగితే విశాఖలో పన్నెండున్నర. నాలుగు గంటలు ఒక సెషను, గంట విరామం, మళ్లీ నాలుగు గంటలు. జట్టుకు ఒక్క కారే.

నలుగురిలో మాస్టారు లెక్కల మనిషి. ఆయన ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు ఉంది. కారులో పది కిలోల ఇంధనం ఎక్కువుంటే ల్యాపుకు, అంటే ట్రాకు ఒక చుట్టుకు, సుమారు 0.3 సెకన్లు పోతాయని అందరూ ఒప్పుకునే లెక్క. 2025లో రేసుకు 110 కిలోలదాకా నింపనిచ్చేవారు. అంటే నిండు ట్యాంకుకీ ఖాళీ ట్యాంకుకీ మధ్య మూడు సెకన్ల పైచిలుకు తేడా. దీని మీద టైరు రకం మారితే అర సెకను అటూ ఇటూ, ఇంజన్ మోడు తగ్గిస్తే ఇంకొంచెం. ఇంతవరకూ శాస్త్రమే. చిక్కల్లా ఏ కారులో ఎంత పోశారో జట్టువాళ్లు చెప్పరు. ఆ గడి మాస్టారే నింపుతారు. అందులో 30 వేస్తే మెక్‌లారెన్ జట్టు ఛాంపియన్, 70 వేస్తే విలియమ్స్. ఒకసారి కీబోర్డు మీద టీ గ్లాసు పెట్టినప్పుడు హాస్ జట్టు రెండు సెకన్ల ఆధిక్యంతో గెలిచింది.

ఫెరారీ బాబాయ్‌కి ఈ షీటుతో పనిలేదు. ఫెరారీ కార్ల రంగని, తన బట్టల కొట్టులో ఎర్ర చీరలన్నీ అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టే మనిషి. ఆ ఏడు డ్రైవరు హామిల్టన్ ఫెరారీకి వచ్చాడు కాబట్టి ఇంకసలు ఆగట్లేదు. తెర మీద ఫెరారీ పైన ఉంటే "చూశారా వేగం" అంటాడు. కింద ఉంటే "నిండు ట్యాంకుతో తిప్పుతున్నారు మాస్టారూ, 110 వెయ్యండి" అంటాడు. 2019లో బార్సిలోనా టెస్టింగ్ చివరికి వెటెల్ ఫెరారీలో 1:16.221, హామిల్టన్ మెర్సిడెస్‌లో 1:16.224. మూడు వేయో వంతుల తేడాతో పైనున్నామని ఆ రోజు కొట్టులో పది శాతం తగ్గింపు ఇచ్చాడు. తరువాత వరసగా మొదటి అయిదు రేసుల్లోనూ మెర్సిడెస్ ఒకటి, రెండు స్థానాలు పట్టుకుపోయింది. తగ్గింపు వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

మెకానిక్ అన్న ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే పాత కథలే. 2001లో ప్రోస్ట్ జట్టు టెస్టింగ్‌లో మెరుపులు మెరిపించి, సీజనంతా కలిపి నాలుగు పాయింట్లు తెచ్చుకుని, మరుసటి జనవరికి మూతపడింది. స్పాన్సర్ల కంట పడాలంటే ట్యాంకు ఖాళీ చేసి ఒక ల్యాపు లాగడం పాత విద్యే. 2009లో బ్రాన్ జట్టు కూడా మార్చిలో ఆలస్యంగా వచ్చి అందరికన్నా వేగంగా తిరిగితే, ఇదీ అదే బాపతని నవ్వినవాళ్లున్నారు. ఆ కారు మెల్‌బోర్న్‌లో మొదటి రేసులోనే ఒకటి, రెండు స్థానాల్లో వచ్చి రెండు ఛాంపియన్‌షిప్‌లూ ఎత్తుకెళ్లింది. "నమ్మితే ప్రోస్ట్, నమ్మకపోతే బ్రాన్" అని అన్న సిగరెట్టు చెవి వెనక పెట్టుకుంటాడు.

ఇక ఏజెంటు బావ. ఇన్సూరెన్సు చేయిస్తాడు. ఆ మధ్యాహ్నం గొడవ ఆయన వల్లే మొదలైంది.

"ఏటి మాస్టారూ, పది కిలోలకి కారు ఆగిపోద్దేటి? మా ఆవిడ బియ్యం బస్తా పెట్టుకుని అరిలోవ నుంచి వస్తాది. బండికి తెలీను కూడా తెలీదు."

"తెలుస్తుంది బావగారూ. స్టాప్‌వాచ్ పెడితే తెలుస్తుంది."

"అయితే పెట్టండి."

పందెం ఆర్కే బీచిలో నలుగురికీ మూరీ (మరమరాల) మిక్స్చర్. ఉపవాసం కాబట్టి మర్నాడు. నాలుగున్నరకి సఖీర్‌లో విరామం మొదలవుతుంది, అయిదున్నరకల్లా వెనక్కి వచ్చేయాలి. చదును రోడ్డు మీద బరువు తేడా కనపడదు, ఎత్తు ఎక్కించాలి, కాబట్టి సింహాచలం ఘాట్ రోడ్డు. బండి బావ భార్యది, 125 సీసీ తెల్ల స్కూటరు.

మెకానిక్ అన్న అక్కడే ఒక లెక్క చెప్పాడు. ఎవరూ వినలేదు. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకి కొంచెం తక్కువ తూగుతుంది. అయిదు లీటర్ల ట్యాంకు ఖాళీ చేస్తే తగ్గేది 3.7 కిలోలు. స్కూటరూ బావా కలిసి నూట తొంభై. అంటే రెండు శాతం. అదే ఆ ఏటి రేసు కారు డ్రైవరుతో కలిపి 800 కిలోలు, దాని మీద 110 కిలోల ఇంధనమంటే పద్నాలుగు శాతం. "బావగారు ఉపవాసం ఉన్నారు, నిన్నటి మీద ఆయనే కిలో తగ్గుంటారు. ముందు ఆ కరెక్షన్ వెయ్యండి" అన్నాడు. మాస్టారు నిజంగానే ఒక గడి తెరిచారు.

టైర్లలో గాలి ముందు 22, వెనక 29 పెట్టారు. అంతటితో బయల్దేరితే బాగుండేది. రేసు కార్లకు రెక్కల మీద మెరిసే పచ్చరంగు పూసి తిప్పుతారు కదా, గాలి ఎటు పారుతోందో గీతలు పడి తెలుస్తుందని, మనమూ పూద్దామన్నాడు బాబాయ్. ఆ పూతలో పలచటి నూనె, మెరిసే పొడి ఉంటాయి. కారు రెండు వందల యాభై మీద పోతుంటే గాలి ఆ నూనెను లాగుతుంది, నూనె ఆరిపోయి పొడి గీతలుగా మిగులుతుంది. షెడ్డులో పండగపూట దొరికినవి కొబ్బరినూనె, పసుపు. స్కూటరు ముందు భాగానికి అరచేత్తో దట్టంగా రాశాడు. ముప్పై అయిదు స్పీడులో గాలి దాన్ని కదపలేదు. అది నిమ్మళంగా కిందికి కారింది, అంతే.

హనుమంతవాక, అరిలోవ, ముడసర్లోవ మీదుగా అడివివరం చేరేసరికి అసలే పండగ రద్దీ. టోల్‌గేటు దగ్గర మనిషి పసుపు కారుతున్న బండిని చూసి దండం పెట్టుకుని, "కొత్త బండాండీ? పూజ పైనండీ, నిమ్మకాయలు ఇక్కడే కొనుక్కోండి" అన్నాడు. బావ కాదనలేక నాలుగు కొన్నాడు.

ఏర్పాటు ఇది: టోల్‌గేటు దగ్గర మాస్టారు, మూడో మలుపులో మెకానిక్ అన్న, ఇద్దరూ ఫోనులో లైను మీదే ఉంటారు, బావ ఫుల్ థ్రాటిల్. మొదటి రన్ నిండు ట్యాంకుతో: 3 నిమిషాల 48 సెకన్లు. తరువాత పక్కకి తీసి, ఇంజను చల్లారాక, సిగరెట్లూ ఫోన్లూ దూరం పెట్టించి, అన్న గొట్టం వేసి పెట్రోలు రేకుడబ్బాలోకి లాగాడు. ప్లాస్టిక్ సీసా వద్దని షెడ్డు నుంచే డబ్బా తెచ్చాడు. ట్యాంకులో అరలీటరు మిగిల్చారు. రెండో రన్: 4 నిమిషాల 5 సెకన్లు.

బరువు తగ్గితే పదిహేడు సెకన్లు నెమ్మదించింది. బావ విజిల్ వేశాడు.

"ముందు దేవస్థానం బస్సు అడ్డొచ్చింది కదండీ. దానికి ఇరవై రెండు సెకన్లు తీసెయ్యాలి" అన్నారు మాస్టారు.

"ఇరవై రెండని ఎవరు చెప్పారు?"

"అంచనా."

"నాకు పన్నెండే అనిపిస్తోంది" అన్నాడు బాబాయ్. బస్సులో జనం ఎంతమంది, నిలబడ్డవాళ్లెంతమంది అని మళ్లీ లెక్క మొదలైంది. పైనుంచి ఫోనులో మెకానిక్ అన్న చెప్పిన మాట ఒక్కటే ఆ సాయంత్రానికి పనికొచ్చింది: "ఇక్కడ సామిని చూడండి. ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ ఒక్క రోజే. కార్లూ అంతే. మొదటి రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్ దాకా చందనం తియ్యరు. మీరెందుకు గోకుతారు?"

తియ్యకపోయినా కొంత కనపడే దారి ఒకటుంది, ఈ నలుగురికీ అది తెలుసు కూడా. ఒక్క ల్యాపు కాదు, వరసగా పదిహేను, ఇరవై ల్యాపులు తీసిన లాంగ్ రన్ చూడాలి. బహ్రెయిన్ రేసు 57 ల్యాపులు, ఆ 110 కిలోలు పంచితే ల్యాపుకు దాదాపు రెండు కిలోలు కాలిపోతాయి. అంటే ఒక్కో ల్యాపుకూ కారు తనంతట తానే 0.06 సెకన్లు వేగం పెరగాలి. టైములు మారకుండా నిలిచాయంటే టైర్లు అంత తింటున్నాయని, పెరుగుతూ పోతే అంతకన్నా ఎక్కువ తింటున్నాయని. ఎంత పోశారో తెలియకపోయినా ఈ వాలు దాగదు. ఆ మర్నాడు మెక్‌లారెన్ డ్రైవరు నోరిస్ తీసిన లాంగ్ రన్ చూసి మిగతా జట్ల మొహాలు మాడింది ఇందుకే. కానీ వాలు చూడటంలో పందెం మజా ఉండదు. పైన పేరెవరిదో చూడటంలోనే ఉంది.

మూడో రన్ బస్సు లేకుండా తీయాలని తీర్మానించారు. "ఇంకొంచెం తీసేద్దాం, తేడా బాగా తెలుస్తాది" అని బావే ఉత్సాహపడి ఇంకో రెండు వందల మిల్లీలీటర్లు లాగించాడు. మిగిలింది మూడు వందలకన్నా తక్కువే. మైలేజీ లెక్కన చదును రోడ్డు మీద అది పది కిలోమీటర్లకు సరిపోతుంది.

మూడో మలుపు ఇంకా కనపడకముందే స్కూటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ట్యాంకు ఖాళీ కాలేదు. ఆ మోడల్లో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే, ముందు వైపున ఉంటుంది. ఏటవాలు ఎక్కుతుంటే ఆ గుక్కెడు పెట్రోలు వెనక్కి జారింది, పంపు గాలి పీల్చింది, ఒత్తిడి పడిపోయింది. మీటరులో ముల్లు కూడా ఏటవాలు మీద ఏదో ఒకటి చూపిస్తుంది, నమ్మడానికి లేదు. పైగా ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కాబట్టి అలాగే సెల్ఫు కొడుతూ కూర్చుంటే పంపు కాలిపోతుంది. బావ కొడుతూ కూర్చున్నాడు. అన్న పైనుంచి పరిగెత్తుకొచ్చి తాళంచెవి లాక్కున్నాడు. బండి తిప్పి కిందికి మొహం పెడితే పెట్రోలు ముందుకొచ్చి చక్కగా స్టార్టయింది. పైకి తిప్పితే ఆగిపోయింది. బావ రెండుసార్లు తిప్పి చూశాడు. పక్కనుంచి నడిచి ఎక్కుతున్న భక్తులు ప్రదక్షిణం అనుకుని తప్పుకున్నారు.

"2022లో బహ్రెయిన్ రేసులో రెడ్‌బుల్ కార్లు రెండూ చివర్లో ఇలాగే ఆగాయి. లోపల ఇంధనం ఉంది, ఇంజనుకు అందలేదు" అన్నాడు అన్న.

"ఆ రోజు గెలిచింది ఫెరారీ. ఒకటీ రెండూ మనవే" అని ఫోనులోంచి బాబాయ్ గొంతు.

"బాబాయ్, డబ్బా తీసుకుని పైకి రా."

అవతల నిశ్శబ్దం. తరువాత తెలిసిందేమిటంటే, పండగపూట గుడి మెట్ల దగ్గర పెట్రోలు డబ్బాతో నిలబడితే పోలీసులు ఏమనుకుంటారోనని, బాబాయ్ ఆ నాలుగు లీటర్ల పైచిలుకూ తన పాత వంద సీసీ బండిలో పోసేసుకున్నాడు. భద్రత కోసమే. నిజానికి అది మంచి ఆలోచన కూడా. ఆ బండి ఎక్కి వచ్చాడు. అన్న దాని పెట్రోలు కాక్ దగ్గర పైపు పీకి డబ్బా కింద పెట్టి, లీటరున్నర పట్టి స్కూటరులో పోశాడు. ఇంజెక్షన్ బండి కాబట్టి వెంటనే సెల్ఫు కొట్టకూడదు. తాళం ఆన్ చేసి, పంపు జుయ్యిమని ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్. నాలుగుసార్లలో లైన్లో గాలి పోయి స్టార్టయింది.

మాస్టారు కింద ఇంకా స్టాప్‌వాచ్ ఆపలేదు. 51 నిమిషాలు దాటింది.

షెడ్డుకు చేరేసరికి రాత్రయిపోయింది. బహ్రెయిన్‌లో రేసు జరిగేది దీపాల వెలుతురులో, కాబట్టి ఆ చల్లటి సాయంత్రపు టైములే కాస్త నమ్మదగ్గవి. అవి పోయాయని మాస్టారు గుండె బాదుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచారు. తెరిస్తే, అక్కడ ట్రాకుకు కరెంటు పోయి సెషను చాలాసేపు ఆగిపోయిందట. బహ్రెయిన్ మీద విశాఖవాసులకు అంత ఆప్యాయత ఎప్పుడూ కలగలేదు. రోజు చివరికి పైన నోరిస్, 1:30.430. బాబాయ్ అడగకుండానే మాస్టారు ఫెరారీ గడిలో 110 వేశారు.

మూడు రోజులయ్యేసరికి అందరికన్నా పైన నిలిచింది విలియమ్స్‌లో సైంజ్, 1:29.348. మార్చి 16న మెల్‌బోర్న్‌లో మొదటి రేసులో అదే సైంజ్ మొదటి ల్యాపులోనే గోడకు కొట్టుకున్నాడు, నోరిస్ గెలిచాడు, ఫెరారీలు ఎనిమిది, పది. పందెం మాత్రం తేలలేదు. నాలుగో రన్ తీయాలని మాస్టారు, మూడింటిలో ఒకటి గెలిచానని బావ. మూరీ మిక్స్చరు డబ్బులు మెకానిక్ అన్నే ఇచ్చాడు.

ఆ రాత్రి బావ ఇంటికెళ్లేసరికి వీధి దీపం కింద అక్క గుమ్మంలోనే ఉంది. తెల్ల స్కూటరు ముందు భాగమంతా పసుపు. హ్యాండిలుకు నిమ్మకాయల సంచి. ఆమె మొహం విప్పారింది.

"ఏటండీ, శివరాత్రి పూట నా బండికి సింహాచలంలో పూజ చేయించారేటి?"

"ఊఁ."

"ప్రసాదం ఏదండీ?"

"కొండ మీదికి వెళ్లలేదు. మూడో మలుపు కింద ఆగిపోయాను."

"కొండదాకా వెళ్లి మూడో మలుపు కింద ఆగిపోవడమేటండీ? నిన్న పొద్దున్నే కదా ట్యాంకు ఫుల్లు చేయించాను!"