బాగుచేసి పాడుచేశాడు

బాగున్నదాన్ని పాడుచేసి జీతం తీసుకునే ఉద్యోగాలు లోకంలో కొన్నే ఉంటాయి. ఫైల్‌సిస్టమ్ టెస్టింగ్ వాటిలో ఒకటి. ఫైల్‌సిస్టమ్ అంటే డిస్కు మీద ఫైళ్లని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్. మీ ఫోటోల జోలికీ, సినిమాల జోలికీ మేం పోం. ఏ ఫైలు ఎక్కడుంది, ఎంతుంది, ఎవరిది అని డిస్కు రాసిపెట్టుకునే చిట్టా ఒకటుంటుంది. మెటాడేటా అంటారు. మా కన్నంతా దానిమీదే. అందులో ఓ అంకె మార్చేసి, ఫైల్‌సిస్టమ్ ఏమంటుందో చూస్తాం. ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అని మర్యాదగా ఆగితే పాస్. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నల్‌ని కూడా వెంటబెట్టుకుని కుప్పకూలితే ఫెయిల్. తేడానే గమనించకుండా హాయిగా పని చేసుకుపోతే మాత్రం అంతకన్నా పెద్ద ఫెయిల్.

అలా చేతులారా చెడగొట్టిన డిస్కు ఇమేజీలు, అంటే ఒక్కో డిస్కు మొత్తాన్నీ ఒక్కో ఫైలుగా తీసినవి, మా సర్వర్లో ఒక ఫోల్డరు నిండా ఉండేవి. ఒక్కోదానిది ఒక్కో రోగం. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో, చిట్టాకి మొదటి పేజీలాంటి సూపర్‌బ్లాక్ 1024వ బైటు దగ్గర మొదలవుతుంది, అందులో ఈఎఫ్53 అనే గుర్తు ఉండి తీరాలి. ఒక ఇమేజీలో ఆ గుర్తు చెరిపేశాం. ఇంకోదాంట్లో ఒకే బ్లాకుని రెండు ఫైళ్లు నాదంటే నాదని పట్టుక్కూర్చున్నాయి. మరోదాంట్లో ఒక డైరెక్టరీ తన తండ్రికి తానే తండ్రి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ప్రతి ఇమేజీకీ పక్కనే ఒక ఆన్సర్ షీటు. డిస్కుని తనిఖీ చేసి తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌చెక్ ప్రోగ్రామ్ నడిపితే ఏ వరుసలో ఏ తప్పు చెప్పాలో అందులో పొల్లుపోకుండా ఉంటుంది. మొదటిసారి నడిపితే తప్పులు పట్టుకుని, సరిచేసి, ముగిస్తూ ఎగ్జిట్ కోడ్ 1 ఇవ్వాలి, అంటే తప్పులుంటే సరిచేశానని. రెండోసారి 0 ఇవ్వాలి, అంటే తప్పుల్లేవని. రెండోసారీ తప్పులున్నాయందంటే, మొదటిసారి రిపేరు పేరుతో ఇంకేదో కెలికిందన్నమాట. ఇదేం మా సొంత తెలివి కాదు, ఈఎక్స్‌టీ4 పనిముట్లన్నీ ఉండే ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ సోర్సులో టెస్టులు ఇలాగే ఉంటాయి. కాకపోతే అక్కడ ఇమేజీల్ని జిప్‌చేసి దాస్తారు, టెస్టప్పుడు ఓ కాపీ విప్పుకుంటారు. మా దగ్గర మాత్రం, ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఒకాయన పుణ్యమా అని, అన్నీ బయటే పడుండేవి, ఎవరైనా రాయగలిగేలా.

అక్కడికి కొత్త కుర్రాడొచ్చాడు. బుద్ధిమంతుడు, పనిమంతుడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే కాస్త జాగ్రత్తగా ఉండాలి. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ మా లీడ్ మేడమ్ అతనితో, “ఆ సర్వర్లో ఇమేజీలు ఒకసారి చూసిపెట్టు” అంది.

చూశాడు. ఒకటి మౌంట్ చేయబోతే, అంటే తెరిచి లోపలి ఫైళ్లు చూడబోతే, ‘స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్’ అంది లైనక్స్. ఇంకోటీ అదే మాట. ఆఫీసువాళ్లు ఇన్ని డిస్కుల్ని ఇలా గాలికొదిలేశారేమిటని నొచ్చుకుని, ఫోల్డరు మొత్తానికీ ఒక లూపు రాసి ఎఫ్‌ఎస్‌చెక్ నడిపాడు. ప్రతి తప్పుకీ ‘సరిచెయ్యనా?’ అని అడుగుతుందది. విసుగొచ్చి -వై పెట్టాడు, అంటే అన్నిటికీ ముందే సరేనన్నమాట. వైద్య కళాశాలలో డిసెక్షన్‌కి పెట్టిన శవాలన్నిటికీ ఎవరో ప్రాణం పోసి ఇళ్లకి పంపేసినట్టయింది.

సోమవారం పొద్దున డాష్‌బోర్డు మొత్తం ఎరుపు. ఏ టెస్టు చూసినా ఒకటే గోల: 1 రావాల్సినచోట 0 వచ్చింది. ఎఫ్‌ఎస్‌చెక్‌కి హఠాత్తుగా చూపు పోయిందనుకున్నాం. ఏ కోడు మార్పుతో చెడిందో వెతకడానికి ఒకరు గిట్ బైసెక్ట్ మొదలుపెట్టారు. ఇంకొకరు కంపైలర్‌ని తిట్టారు. ఎస్‌జీఐ కంపెనీవాళ్లు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ కోసం మొదలుపెట్టిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో చాలా టెస్టులకు ఆన్సర్ షీటులో ‘సైలెన్స్ ఈజ్ గోల్డెన్’ అని ఒక్క ముక్కే ఉంటుంది. మా కుర్రాడు మధ్యాహ్నం దాకా ఆ టెస్టు పాసవుతూ కూర్చున్నాడు.

భోజనాల తర్వాత ఎవరో ఒక ఇమేజీ మౌంట్ చేసి చూస్తే లాస్ట్ అండ్ ఫౌండ్‌లో ‘#12’ అనే ఫైలుంది. ఊరూ పేరూ లేకుండా దొరికిన ఫైళ్లకి ఎఫ్‌ఎస్‌చెక్ పెట్టే పేరది, ఐనోడ్ నంబరే, అంటే చిట్టాలో ఆ ఫైలు పద్దు నంబరే, పేరు.

“ఈ ఇమేజీ మీద ఎఫ్‌ఎస్‌చెక్ నడిపిందెవరు?”

“నేనే అన్నా. అన్నీ బాగయిపోయాయి. మెయిల్ కూడా పెట్టాను.”

పెట్టాడు. శుక్రవారం రాత్రి పదకొండింటికి. ఎవరూ చూడలేదు.

బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. శనివారం తెల్లవారుజామున బ్యాకప్ కాపీలు తీసే ఆర్‌సింక్ తన డ్యూటీ తాను చేసింది: బాగుపడిన ఇమేజీల్ని తీసుకెళ్లి పాత రోగుల మీద పరిచేసింది. చేసిందంతా వెనక్కి తిప్పుకోడానికి ఎఫ్‌ఎస్‌చెక్‌లో -జెడ్ అని ఒకటుంది, అండూ ఫైలు రాసిపెడుతుంది. అది పెట్టావా అని అడిగితే, “బాగుచేసింది మళ్లీ ఎందుకు పాడుచేస్తాం అన్నా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక మళ్లీ చెడగొట్టుకోవడమే. ఆన్సర్ షీటు ముందు పెట్టుకుని, రోగాన్ని వెనకనుంచి చదవడం. ‘ఐనోడ్ 12, ఐ_బ్లాక్స్ 16, ఉండాల్సింది 8’ అని ఉంటే (ఐ_బ్లాక్స్ అంటే ఆ ఫైలు ఆక్రమించిన చోటు లెక్క), చిట్టాని చేత్తో దిద్దే డీబగ్‌ఎఫ్‌ఎస్‌ని, రాయనిచ్చే -డబ్ల్యూతో తెరిచి, చక్కగా ఉన్న 8ని చెరిపి 16 రాయాలి. చెక్‌సమ్, అంటే రాసింది చెడిందో లేదో తేల్చే సరిచూపు అంకె, చెడగొట్టాల్సినవి మరీ ఏడిపించాయి. మనం తప్పు రాస్తే డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆ తప్పుకి సరిపోయే చెక్‌సమ్ తానే లెక్కగట్టి పెడుతుంది, అంత సంస్కారం. చివరికి బైట్లని ఉన్నవున్నట్టు రాసే డీడీ పట్టుకుని బైట్లు లెక్కబెట్టి పొడవాల్సి వచ్చింది. కుర్రాడు పక్కనే కూర్చుని నోట్సు రాసుకున్నాడు. చెడగొట్టడంలోనూ మంచి చెయ్యి, ఒప్పుకోవాలి.

రాత్రికి ఈఎక్స్‌టీ4 టెస్టులన్నీ పచ్చబడ్డాయి. ఇమేజీలన్నిటినీ రీడ్ ఓన్లీ చేసి బ్యాగు సర్దుకుంటుంటే మెల్లగా వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరు కూడా...”

“దాన్నీ బాగుచేశావా?”

“ఊఁ.”

చిన్న ఆశ మిగిలింది. లాగ్‌లో, అంటే చెయ్యబోయే మార్పులు ముందుగా రాసుకునే పద్దులో, పని మిగిలుంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ముందు మౌంట్ చేసి రమ్మంటుంది. మన ఇమేజీల్లో సగం అలాంటివే. “మరి లాగ్ ఉందని ఆపలేదూ?” అన్నాను.

“ఆపింది అన్నా. -ఎల్ పెడితే లాగ్ చెరిపేసి పోనిస్తుందట. మాన్యువల్ మొత్తం చదివాను.”