సవరణ: ఆ రోజు ఒడ్డున చూసినవి చచ్చిన పీతలు కావు

స్నేహితులతో సముద్రం ఒడ్డున నడుస్తూ జీవాల్ని వెతికిన రోజు గురించి మొన్న రాశాను కదా. అందులో 'ఇసుక నిండా చచ్చిన పీతలే, మనసు పాడైపోయింది' అన్నాను. అది తప్పు. ఒకటి ఇంటికి తెచ్చుకున్నాం, దాన్ని నిన్న తీరిగ్గా చూశాను. అరచేతిలో బరువే తెలియలేదు. వాసన లేదు. వెనకవైపు పెంకు డబ్బా మూతలా తెరుచుకుంది, లోపల కండ లేదు, ఖాళీ. కాళ్లు, గోళ్లు, చివరికి కళ్ల మీది పొర కూడా అలాగే ఉన్నాయి! పాము కుబుసం విడిచినట్టే పీత కూడా పెరిగేకొద్దీ పాత పెంకు వదిలేస్తుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్కడో దాక్కుంటుంది. అంటే మేం జాలిపడ్డ పీతల్లో చాలావరకు బతికే ఉండొచ్చు. ఎంత సంతోషమేసిందో.

ఇంకోటి, 'ఉదయం 7 గంటలకే వెళ్లండి' అని రాశాను. ఆ సలహా పట్టించుకోవద్దు. ఆటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గే సమయం, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మీరు వెళ్లే రోజు ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీళ్లు పూర్తిగా తగ్గడానికి గంట ముందు బయల్దేరండి. పోటు మొదలవగానే రాళ్ల మీంచి వచ్చేయండి.