సవరణ: కాలువ గట్టున తిరిగింది తోడేలు కాదు, నక్క

ముమ్మిడివరం దగ్గర కాలువ గట్టున తోడేలు తిరుగుతోందని మొన్న రాశాను. అది తప్పు. వీడియోను మళ్లీ నిదానంగా చూశాను: పొట్టి కాళ్లు, సన్నని మూతి, ఊరకుక్కకన్నా చిన్న ఒళ్లు. అది నక్క. తోడేలు బరువు దానికి దాదాపు రెట్టింపు. అనంతపురం వైపు మెట్టభూముల్లో, గడ్డి మైదానాల్లో బతుకుతుంది. మన వరిచేలు, కొబ్బరితోటలు, కోరింగ మడ అడవులు నక్కల తావులు. ఎలుకలు, పీతలు వాటి తిండి.

నా మాట నమ్మి కొందరు రాత్రంతా కర్రలతో కాపలా కాశారని తెలిసి చాలా బాధ కలిగింది. క్షమించండి. దయచేసి ఉచ్చులు, విషం పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను చంపడం నేరం. కోళ్లను చీకటి పడకముందే గూట్లో మూసేయండి. ఒకవేళ నక్క కరిస్తే, గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే రేబిస్ టీకా వేయించుకోవాలి.