రోడ్డు మీది భవనానికి ఫొటో తీస్తే నోటీసా?

నెల్లూరులో ఒక యువకుడు రోడ్డు మీద నిలబడి, ఎదురుగా లేచిన కొత్త భవనాన్ని ఫోనుతో ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. డిజైన్ మీద కాపీరైట్ తమదని, వెంటనే తీసేయకపోతే కోర్టుకీడుస్తామని యజమాని తరఫున లాయరు నోటీసు పంపారు. కుర్రాడు భయపడి తీసేశాడు. ఆ నోటీసు పారిందన్నదే మా ఆందోళన. చట్టంలో లేని హక్కు ఒకచోట చెల్లితే, రేపు ఒంగోలులోనో కావలిలోనో మరొకరు అదే కాగితాన్ని పేరు మార్చి పంపుతారు.

భవనానికి కాపీరైట్ ఉన్నమాట నిజమే. 1957 నాటి చట్టం దాన్ని కళాత్మక రూపానికి, డిజైన్‌కు మాత్రమే ఇచ్చింది. ఆ హక్కు గీసిన ఆర్కిటెక్టు జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. ఆయన రాసివ్వనిదే, డబ్బిచ్చి కట్టించుకున్నంత మాత్రాన సాధారణంగా యజమానికి రాదు. అదే డిజైన్‌తో వేరొకరు మరో భవనం లేపితే ఆర్కిటెక్టు నిలదీయొచ్చు. ఫొటోకు మాత్రం 52(1) సెక్షన్ ‘ఎస్’ క్లాజు రక్షణ ఉంది: భవనాన్ని ఫొటో తీసినా, బొమ్మ గీసినా, వాటిని ప్రచురించినా ఉల్లంఘన కాదు. వ్యాపారానికి వాడరాదన్న షరతు కూడా అందులో లేదు. ఫ్రాన్స్‌లో 2016లో ఇచ్చిన మినహాయింపు వ్యక్తులకు, అదీ వాణిజ్యేతరంగా మాత్రమే. మన చట్టం అంతకంటే ఉదారమైంది.

నెల్లూరులో పొట్టి శ్రీరాములు, ఒంగోలులో ప్రకాశం పంతులు విగ్రహాల ఫొటోలకు ‘టి’ క్లాజు రక్ష. జనం వెళ్లగలిగే చోట శాశ్వతంగా ఉంటే చాలు. రంగనాథస్వామి గాలిగోపురానికి, ఉదయగిరి కోటకు కాపీరైట్ ప్రశ్నే రాదు. గర్భాలయంలో కెమెరా వద్దంటే అది ఆలయ నియమం.

లోపం ఉన్నది గోడ బొమ్మల దగ్గర. ‘టి’ క్లాజులో శిల్పాలున్నాయి, పెయింటింగులు లేవు. సినిమాలకు వర్తించే ‘యు’ క్లాజులో మాత్రం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న ఏ కళాకృతినైనా చూపొచ్చు. అంటే ఒకే గోడను వీడియో తీస్తే సరి, ఫొటో తీస్తే పేచీ! పార్లమెంటు దీన్ని సరిదిద్దాలి.

ఆర్కిటెక్టుల శ్రమను కాదనం. శ్రీహరికోట లాంటి చోట్ల భద్రతా నిషేధాలు వేరే చట్టాలవి. ఒకరు తీసిన ఫొటోను మరొకరు ఎత్తుకుపోవడమూ తప్పే. వీటిలో ఏదీ ఈ నోటీసుకు ఆధారం కాదు.

ఇలాంటి నోటీసు వస్తే ముందు పోస్టు తీసేయకండి. ఏ హక్కు, ఎవరు రాసిచ్చారు, ‘ఎస్’ క్లాజు ఎందుకు వర్తించదు అని రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు నేరుగా సోషల్ మీడియా సంస్థకు వెళితే 2013 నాటి కాపీరైట్ నిబంధనల్లో 75వది చూడండి. ఫిర్యాదుదారు తానే హక్కుదారునని వివరాలిచ్చి, దావా వేస్తానని హామీ ఇవ్వాలి. సంస్థ 36 గంటల్లో ఫొటోను ఆపినా, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి చూపవచ్చు. భయపడి మనమే తీసేస్తే ఈ గడువు ఎందుకూ కొరగాదు, బెదిరించినవారు కోర్టు గడప తొక్కకుండానే గెలుస్తారు. ఆనవాయితీ పుట్టేది అక్కడే.

60వ సెక్షన్ కూడా ఉంది. కాపీరైట్ పేరిట ఆధారం లేకుండా బెదిరిస్తే, బాధితుడే కోర్టుకెళ్లి ఇది ఉల్లంఘన కాదని ప్రకటన, బెదిరింపులు ఆపాలన్న ఉత్తర్వు, నష్టపరిహారం కోరవచ్చు. అవతలివారు వెంటనే నిజంగా ఉల్లంఘన దావా వేసి నడిపితే మాత్రం ఈ దారి మూసుకుంటుంది. ఒట్టి కాగితపు బెదిరింపులు చేసేవాళ్లు అంత దూరం వస్తారా?

నోటీసు మీద సంతకం పెట్టిన న్యాయవాదికి 52వ సెక్షన్ తెలియదంటే నమ్మలేం. తెలిసే పంపితే, చట్టం తెలియని కుర్రాడిపై చట్టం పేరుతో చేసిన దౌర్జన్యమది. ఆ కాగితాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి, ఆ ఫొటో తిరిగి పెట్టుకోవచ్చని అతనికి మీరే చెప్పండి.